బెల్లంపల్లికి జట్టు వెంట పోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం మన కాజీపేట పిల్లలకు బెల్లంపల్లిలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందట, నువ్వు పద్దెనిమిది మంది దోస్తులను వెంటేసుకొని పోతున్నావట. "నువ్వన్నా వద్దని చెప్పు అన్నా" అంది. వద్దని నేను చెప్పలేను. రైల్వే షెడ్డులో డ్యూటీ లేని ప్రతి ఆదివారం జమ్మికుంట, పెద్దపల్లి, మంచిర్యాల, మందమర్రి అంటూ మన జట్టు వెనకాల తిరిగినవాణ్ణి నేను. అందుకే వద్దనకుండా, ఎట్లా పోవాలో రాస్తున్నాను. మీ అమ్మకు కూడా ఒకసారి చదివి వినిపించు, కొంచెం ధైర్యం వస్తుంది.

ముందు రైలు సంగతి. ఇది మేడారం జాతర ఏడు. ఆ లైన్లో బొగ్గుబాయి ఊళ్ళ నుంచి జనం జాతరకు పది రోజుల ముందే బయలుదేరుతారు. పొద్దున మీరు పోయేటప్పుడు బండి ఖాళీగానే ఉంటుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడే బెల్లం మూటలు, మేకలు, చంటిపిల్లలు, ముసలమ్మలతో జనరల్ బోగీలో కాలు పెట్టే సందు ఉండదు. అది చూసి రిజర్వేషన్ బోగీలోకి ఎక్కుదామని ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు. ఎక్కనివ్వకు. టీసీ పట్టుకుంటే టికెట్ తేడా కాక ఒక్కొక్కరికి 250 రూపాయల ఫైన్ వేస్తాడు, పద్దెనిమిది మందికి లెక్క వేసుకో. పని అయిపోతుందని తిరుగు టికెట్లు పొద్దున్నే కొనకు. రెండు వందల కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ కొన్నాక మూడు గంటల్లో బండెక్కాలన్న రూల్ ఉంది, పొద్దున కొన్నది సాయంత్రానికి చెల్లదు. మ్యాచ్ అయిపోగానే ఇద్దరిని ముందు స్టేషన్‌కు పంపు, మీరు మెల్లగా జట్టుతో కలిసి రండి. ఆ ఇద్దరూ నెమ్మదస్తులై ఉండాలి. గెలిచామన్న సంబురంలో టికెట్ డబ్బులు మరిచిపోయేవాళ్ళు కాకూడదు.

రామగుండం దాటాక గోదావరి బ్రిడ్జి వస్తుంది. పిల్లలందరూ ఒక్కసారి తలుపు దగ్గరికి ఉరుకుతారు. ఒకడు రూపాయి బిళ్ళ వేస్తానంటాడు, ఒకడు వీడియో తీస్తానంటాడు, ఒకడు జెండా బయటికి చాపి ఊపుతానంటాడు. బ్రిడ్జి ఇనుప దిమ్మెలు తలుపుకు ఎంత దగ్గరగా పోతాయో కూర్చున్నవాళ్ళకు తెలియదు. జెండా కర్ర తగిలితే చెయ్యి కూడా దానితోనే పోతుంది. జెండాను కర్ర నుంచి విప్పి బ్యాగులో పెట్టుకో, కర్రలు కట్టగట్టి సీటు కింద వెయ్యి. గోదావరికి దండం కిటికీ లోపల నుంచి పెట్టినా చాలు.

ఇక డప్పు. ఇది కొంచెం వివరంగా రాస్తాను, మీ వయసు పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. జనవరి చలికి తోలు మెత్తబడుతుంది. బోగీలో రెండు గంటలు ఉండి దిగేసరికి కొడితే దబదబ అని చచ్చిన చప్పుడు వస్తుంది తప్ప కణకణమని మోగదు. మంట మీద కాపితేనే తోలు బిగుసుకుంటుంది. రైల్లో అగ్గి ముట్టించే ఆలోచన కూడా రానివ్వకు. గ్రౌండ్ దగ్గర ఏదో ఒక చాయ హోటల్ ఉంటుంది. ముందు అందరూ చాయ తాగండి, తర్వాత పొయ్యి దగ్గర ఐదు నిమిషాలు డప్పు కాపుకుంటామని మర్యాదగా అడగండి. నన్ను ఎవరూ ఎన్నడూ కాదనలేదు. ఒకసారి మందమర్రిలో హోటల్ ముసలాయన డప్పు నా చేతిలో నుంచి గుంజుకున్నాడు. తోలును మంటకు మరీ దగ్గర పెట్టకుండా, జానెడు ఎత్తున పట్టుకొని, అంచు చుట్టూ తిప్పుతూ వేడి చేశాడు. మధ్యమధ్య వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకొని వింటున్నాడు. నాలుగోసారి విన్నాక "ఇగ కొట్టుండ్రి" అని ఇచ్చాడు. ఆ రోజు ఆట మొత్తం అది గంటలా మోగింది. సగం ఆటలో మళ్ళీ ఒకసారి కాపాలి, మరిచిపోకు. టపాకాయల సంగతి అసలు ఎత్తకు. రైల్లో తీసుకపోవడం నేరం, పట్టుబడితే ఆట కాదు, స్టేషన్ బెంచీ చూస్తారు.

సద్ది ఇంటి నుంచే తీసుకపో. సంక్రాంతి సకినాలు ఇంకా ఉన్నాయి కదా, మీ అమ్మమ్మతో సర్వపిండి కూడా చేయించు, సాయంత్రం దాకా పాడుకాదు. మంచినీళ్ళు మనిషికి రెండు సీసాలు. తిరుగు ప్రయాణంలో చలి కొడుతుంది, స్వెట్టర్ లేనివాణ్ణి బండెక్కనివ్వకు.

బెల్లంపల్లి ఎలాంటి ఊరో తెలుసుకొని పోవాలి. అది బొగ్గుబాయి ఊరు. పొద్దటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తువ్వాల భుజాన వేసుకొని సాయంత్రం నేరుగా గ్రౌండ్‌కు వచ్చే మనుషులు వాళ్ళు. సింగరేణి కాలనీల్లో ఫుట్‌బాల్ తాతల నాటి నుంచి ఉంది. వాళ్ళకు ఆట తెలుసు. మనవాడు మంచి పాస్ ఇస్తే వాళ్ళే "వారెవ్వా" అంటారు. వాళ్ళ గోల్‌కీపర్ మంచి బాల్ ఆపితే మీరు కూడా రెండు చప్పట్లు కొట్టండి. వాళ్ళ ఊరు, వాళ్ళ గ్రౌండ్, మనం చుట్టాలం. వాళ్ళ ఇంటి ఆడవాళ్ళ మీద, వాళ్ళ పని మీద, బొగ్గు మీద ఒక్క మాట ఎవడు అన్నా వెంటనే నోరు మూయించు. అట్లాంటి మాట ఒక్కటి చాలు, మ్యాచ్ ఆగిపోతుంది.

మన దగ్గర గ్యాలరీ ఉండదు, జనం గీత మీదనే నిలబడతారు. మీరు గీతకు రెండు మూడు అడుగులు వెనక్కి ఉండండి. త్రో వేసేవాడికి ఉరికి వచ్చే జాగా కావాలి, లైన్స్‌మన్‌కు నడిచే జాగా కావాలి. ఆఫ్‌సైడ్ అని, అంటే పాస్ ఇచ్చేసరికే వాళ్ళవాడు మన చివరి డిఫెండర్‌ను దాటి ఉన్నాడని, అక్కడి నుంచి అరవకండి. చివరి డిఫెండర్‌కు సరిగ్గా సూటిగా నిలబడితే తప్ప అది కనబడదు, అక్కడ నిలబడేది లైన్స్‌మన్ ఒక్కడే. సగం గీత దగ్గర, మన బెంచీ పక్కన ఉండండి. మన పిల్లలు తల తిప్పినప్పుడల్లా మీరు కనబడాలి. ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్తాను.

నేను షెడ్డులో కొత్తగా చేరినప్పటి ముచ్చట. ఇట్లాగే బెల్లంపల్లిలో మ్యాచ్. పద్నాలుగు మందిమి పోయాం. మొదటి సగంలో గొంతులు చించుకున్నాం. రెండో సగంలో మన మీద ఒక గోల్ పడింది, ఐదు నిమిషాలకు ఇంకొకటి. రెండోది పడగానే మన గోల్‌కీపర్ వల లోపల నుంచి బాల్ తీసుకొని ఒక్కసారి మా వైపు చూశాడు. అప్పుడు మేం ఏం చేస్తున్నామో తెలుసా? అందరం కూర్చున్నాం. డప్పు బోర్లా పడి ఉంది. నేను తల వంచుకొని గడ్డి పీకుతున్నాను. తల ఎత్తేసరికి అతను అటు తిరిగిపోయాడు. ఆ తర్వాత మూడో గోల్ కూడా పడింది. రాత్రి బండిలో ఆ పిల్లవాడు నా పక్కనే కూర్చున్నాడు. జమ్మికుంట దాకా మాట్లాడలేదు. ఉప్పల్ దాటాక మెల్లగా అడిగాడు: "మీరు గూడ తల దించుకున్నరేంది అన్నా?" నా దగ్గర జవాబు లేదు. పోయింది వాళ్ళ కోసమే, పనిపడ్డ ఆ ఒక్క నిమిషంలో మేం లేకుండా పోయాం.

అందుకే చెప్తున్నాను, గెలిచేటప్పుడు ఎట్లాగూ అరుస్తారు. గొంతును, డప్పును గోల్ పడ్డ తర్వాతి ఐదు నిమిషాల కోసం దాచిపెట్టు. బాల్ మధ్యలోకి వచ్చేలోగా డప్పు మోగాలి. కీపర్‌ను పేరు పెట్టి పిలవాలి.

మన హైదరాబాద్ రహీం సాబ్ దేశం ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉన్నప్పుడు 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫైనల్ జరిగింది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదని మన అధికారి ఒకాయన గట్టిగా మాట్లాడితే, ఆ ఊరి జనానికి మన దేశం మీద కోపం వచ్చింది. సెప్టెంబర్ 4న లక్ష మంది దాకా ఉన్న ఆ స్టేడియంలో మన జట్టు అడుగు పెట్టినప్పటి నుంచి ఒకటే గోల, జాతీయ గీతానికి కూడా ఆగలేదు. ఆ లక్ష మందిలో మనవైపు అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్ళని అప్పుడు ఆడినవాళ్ళు చెప్పేవారు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు తెచ్చి ఆడించారు, గోల్ కొట్టాడు. మన సికింద్రాబాద్ అమ్ముగూడ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. ఊరంతా ఎదురుగా ఉన్నా ఆ నాలుగు గొంతులు చెవిన పడ్డాయి కాబట్టే కదా, ఆ ఆటగాళ్ళు ముసలితనంలో కూడా వాటిని యాది చేసుకున్నది. మీరు పద్దెనిమిది మంది. తక్కువేం కాదు.

2022 మార్చి 20న మనింట్లో టీవీ ముందు ఎట్లా నిలబడ్డామో గుర్తుందా? గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, మన హైదరాబాద్ క్లబ్‌కు కేరళ క్లబ్‌తో, గ్యాలరీల నిండా కేరళ వాళ్ళు. 88వ నిమిషంలో సాహిల్ టవోరా కొట్టిన గోల్‌కు నువ్వు మంచం మీద ఎగిరావు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపితే హైదరాబాద్ కప్పు ఎత్తింది. ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి పోయింది. నువ్వు ఆ పసుపు జెర్సీ మడిచి బీరువాలో పెట్టావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. మన రైల్వే గ్రౌండ్‌లో ఆడే పిల్లలు మాత్రం ఎక్కడికీ పోరు. నువ్వు ఇప్పుడు వాళ్ళ వెంట పోతున్నావంటే నాకు సంతోషంగా ఉంది.

నీ చెల్లె కూడా వస్తానంటుందట. తీసుకపో. గుగులోత్ సౌమ్య మన నిజామాబాద్ బిడ్డే, దేశానికి ఆడుతోంది. కాకపోతే గ్రౌండ్ దగ్గర ఆడపిల్లలకు బాత్రూం ఎక్కడుందో దిగగానే కనుక్కో. దగ్గర్లో లేకపోతే స్టేషన్‌లోనే పని చూసుకొని రమ్మను.

ఇక చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తలలు లెక్కపెట్టుకోవడం. ఇందాక చెప్పానే, ఆ మూడు గోల్స్ రోజు, వచ్చేటప్పుడు మంచిర్యాలలో బండి ఆగింది. పదిహేనేళ్ళ పిల్లవాడు నీళ్ళ కోసం దిగాడు. ఓడిన బాధలో ఎవరం చూసుకోలేదు. కాజీపేటలో దిగాక లెక్కపెడితే పదమూడు. వాళ్ళ అమ్మ ముందు నిలబడి ఆ మాట చెప్పాల్సింది నేనే. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. ఆ తల్లి రాత్రంతా మా ఇంటి గడప మీద కూర్చుంది.

పొద్దున మొదటి బండికి వాడు దిగాడు. చేతిలో మూత సొట్టబోయిన అల్యూమినియం టిఫిన్ డబ్బా. ప్లాట్‌ఫాం మీద ఏడుస్తూ కూర్చుంటే బెల్లంపల్లి కార్మికుడు ఒకాయన చూశాడట. ఆయనా మ్యాచ్‌కు వచ్చినవాడే, మన మీద రెండో గోల్ కొట్టింది ఆయన కొడుకే. మంచిర్యాలలో చుట్టాలింటికి పోతూ ఇతణ్ణి కూడా తీసుకపోయి, అన్నం పెట్టి, పండబెట్టి, పొద్దున టికెట్ కొని, డబ్బాలో జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు కట్టి ఎక్కించాడు. పేరు కూడా సరిగ్గా చెప్పలేదట. నెల తర్వాత నేను ఆ డబ్బా పట్టుకొని బెల్లంపల్లి పోయాను. ఖాళీ డబ్బా ఇవ్వొద్దని మీ అమ్మమ్మ సర్వపిండి నింపి పంపింది. గ్రౌండ్‌లో ఆ కొడుకును గుర్తుపట్టి, క్వార్టర్ అడిగి వెళ్ళాను. ఆయన డబ్బా చూసి నవ్వి, "మీ కీపర్ మంచిగ ఆడిండు, మళ్ళ తోలుకరాండ్రి" అన్నాడు.

కాబట్టి నలుగురికి ఒక పెద్దను పెట్టు. ఎక్కాక ఒకసారి, దిగాక ఒకసారి, బండి ఆగిన ప్రతి స్టేషన్‌లో ఒకసారి లెక్కపెట్టించు. నీళ్ళకు దిగాలంటే ఇద్దరు కలిసి దిగాలి. ఎవడైనా కనబడకపోతే మిగతావాళ్ళు నిన్ను ఎంత తొందరపెట్టినా కదలకు, తర్వాతి బండి ఉంటుంది.

ఆదివారం రాత్రి నేను మేల్కొనే ఉంటాను. కాజీపేటలో దిగగానే ఫోన్ చెయ్యి. ముందు ఎంతమంది దిగారో చెప్పు, స్కోరు ఆ తర్వాత చెబుదువు.

మీ మామ