ఊపిరి గురించే అడిగారు, తిండి గురించి ఎవరూ అడగలేదు

మీ ప్రశ్న ఇదీ: ఎనిమిది నెలల పాపకు పుట్టినప్పటి నుంచి ఊపిరిలో గురగుర, ఆస్తమా అని మందు పీల్పిస్తున్నా తగ్గడం లేదు, గుండె దగ్గర రక్తనాళం తేడాగా ఉన్నా ఇలా వస్తుందా అని. వస్తుంది. మా పాపకు అదే జరిగింది. నేను డాక్టర్ని కాను, కానీ ఈ ఒక్క విషయంలో కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

తొమ్మిదో నెల నిండేదాకా మేం నెబ్యులైజర్‌తోనే కాపురం చేశాం. రోజుకు మూడుసార్లు మాస్కు పెట్టడం, అది పీకి పారేయడం, మళ్ళీ పెట్టడం. శబ్దం రవ్వంత కూడా తగ్గలేదు. ఎలా తగ్గుతుంది? ఆస్తమాలో ఊపిరితిత్తుల లోపలి సన్న గొట్టాలు బిగుసుకుంటాయి, మందు వాటిని వదులు చేస్తుంది. మా పాప శ్వాసనాళాన్ని బయటి నుంచి రక్తనాళం నొక్కుతోంది. బయటి నుంచి పిసుకుతున్నదాన్ని లోపల మందు ఊది ఎలా విడిపిస్తారు?

ఇక్కడే నా అసలు బాధ. ఇంట్లో దుమ్ముందా, ఎవరికైనా ఉబ్బసం ఉందా, రాత్రిళ్ళు ఎక్కువవుతుందా అని అందరూ అడిగారు. ఎలా తింటుందని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. నాలుగు గుక్కలు తాగి ఆగిపోయేది, ఒగర్చేది, తలను వెనక్కి విల్లులా వంచేది. అలా వంచితే గాలి కాస్త బాగా ఆడుతుందని ఆ పసిదానికి తెలిసింది గాని మాకు తెలియలేదు. మేం దాన్ని మారాం అనుకున్నాం. గట్టి ఆహారం మొదలుపెట్టాక ముద్దముద్దకీ దగ్గు. అదీ మామూలు దగ్గు కాదు, కుక్క మొరిగినట్టు ఖంగుమనేది.

ఒక రాత్రి దగ్గి దగ్గి నీలంగా మారితే ఎమర్జెన్సీకి పరిగెత్తాం. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ పాత ఎక్స్‌రే పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత స్టెత్ కూడా తీయకుండా, "తినేటప్పుడు ఏమైనా ఇబ్బంది పడుతుందా?" అని అడిగింది. మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది.

మర్నాడు బేరియం పరీక్ష. పాపను పట్టుకోవడానికి నన్ను లోపలికి రానిచ్చారు. సీసం కోటు తొడిగారు, భుజాలు లాగేసేంత బరువు. పాలసీసాలో సున్నం కలిపిన నీళ్ళలాంటి తెల్లటి ద్రవం, అదే బేరియం, ఎక్స్‌రేలో కనబడుతుంది. పాప మూతి ముడిచింది, ఆకలి మీద ఉంది కాబట్టి తాగింది. తెర మీద ఆ ద్రవం అన్నవాహికలో గీతలా దిగుతోంది. సగం దూరం వచ్చాక గీత సన్నబడింది. రెండు పక్కలా రెండు నొక్కులు, కుడివైపుది కాస్త పైన. పాపను పక్కకు తిప్పితే వెనక నుంచి ఇంకో నొక్కు. సంచి మూతికి తాడు బిగించినట్టే ఉంది. రేడియాలజిస్టు ఏమీ అనలేదు, ఇంకో గుక్క తాగించమన్నారు. మళ్ళీ అక్కడే సన్నబడింది. అప్పుడు ఎక్స్‌రే కవరు వెనక పెన్నుతో ఒక సున్నా గీసి, దాని మధ్యలో రెండు చుక్కలు పెట్టారు. "ఒకటి గాలి గొట్టం, ఒకటి తిండి గొట్టం. సున్నా అయోర్టా, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం."

దాని పేరు డబుల్ అయోర్టిక్ ఆర్చ్. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు అందరికీ మొదట కుడి ఎడమల రెండు వంపులుంటాయి. కుడిది కరిగిపోయి ఎడమది మిగలాలి. మా పాపకు రెండూ మిగిలి, శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ కలిపి ఉంగరంలా చుట్టేశాయి. అంతకు ముందే ఎకో, అంటే గుండె స్కాన్, తీసి "గుండె బాగుంది" అన్నారు. అబద్ధమేం కాదు, గుండె బాగానే ఉంది. ఉంగరంలో ఒక ముక్క మూసుకుపోయి రక్తం పారకపోతే ఎకోలో కనబడకపోవచ్చట. మొత్తం ఆకారం తేల్చింది సీటీ యాంజియో, అంటే రక్తనాళాలను చూపించే సీటీ స్కాన్.

ఇంకో మాట, మీకు అవసరం లేకపోయినా చెప్తాను. "పుట్టుకతో వచ్చింది" అని తెలియగానే చుట్టాలంతా మా ఆవిడ మీద పడ్డారు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఏం ఎత్తావు అని. ఈ వంపులు తయారయ్యేది గర్భం నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపు. అది మొదలయ్యేటప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నామనే రూఢి కాదు! ఎవరైనా మిమ్మల్ని అలా అంటే ఈ లెక్క చెప్పండి. 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించడం వల్ల కొందరికి ఇలాంటివి వస్తాయని మాకూ జన్యు పరీక్ష చేశారు, ఏమీ లేదు.

ఇందులో రకాలు చాలా ఉన్నాయి. కుడిచేతికి వెళ్ళే నాళం ఎడమవైపు పుట్టి అన్నవాహిక వెనక నుంచి దాటి వెళ్ళడం సుమారు నూటికి ఒకరిలో ఉంటుంది, చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదు. ఏళ్ళ తరబడి మింగలేక బాధపడి చనిపోయిన ఒకావిడ శరీరాన్ని కోసి చూసి ఈ సంగతి రాసింది డేవిడ్ బేఫర్డ్ అనే డాక్టరు, 1794లో. ఆయన దాన్ని ప్రకృతి చేసిన చిలిపి పని అన్నట్టుగా లాటిన్‌లో లూసోరియా అన్నాడు. మింగలేని మనిషికి ఆ పేరు ఎంత చిలిపిగా అనిపిస్తుందో మరి.

ఆపరేషన్ గురించి. గుండె ఆపరేషన్ అన్న భయమే ముందు మాకూ. కానీ అది గుండెను ఆపి చేసేది కాదు. ఎడమ పక్కటెముకల మధ్య నుంచి వెళ్ళి, రెండింటిలో చిన్న వంపును కత్తిరించి కుడతారు, పక్కనే నారలా ఉండే లిగమెంటునూ తెంపుతారు. ఉంగరం విడిపోతుంది. 1945లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ మొదటిసారి చేసిన పని కూడా ఇలా ఉంగరాన్ని విడగొట్టడమే. మాకు ముందు చెప్పని సంగతి ఒకటుంది: శబ్దం ఆ మర్నాడే పోదు. నెలల తరబడి నొక్కుకుపోయిన శ్వాసనాళం మెత్తబడి ఉంటుంది, గట్టిపడటానికి టైమ్ పడుతుంది. ఐసీయూ బయట ఆ గురగుర మళ్ళీ వినబడగానే ఆపరేషన్ ఫెయిలైందనుకుని నేను గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాను. దాదాపు ఏడాది పట్టింది. ఇప్పుడు ఆరేళ్ళు, జలుబు చేస్తే మాత్రం ఆ పాత ఖంగు దగ్గు వస్తుంది.

నన్నడిగితే మందుకు తగ్గని గురగుర ఉన్న ప్రతి పసిబిడ్డకూ ఒక్క బేరియం పరీక్ష చేసి తీరాలి. అతి అంటారు కొందరు డాక్టర్లు, అననివ్వండి. మీరు మాత్రం పాప పాలు తాగుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు ఫోన్‌లో శబ్దంతో సహా వీడియో తీయండి. డాక్టరు గదిలో పిల్లలు హాయిగా నిద్రపోతారు. అలాగని నెబ్యులైజర్ మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరుతో మాట్లాడాకే.

మీ ప్రశ్న మళ్ళీ చదివాను. ఊపిరి గురించి పది వాక్యాలు రాశారు. పాప ఎలా తింటుందో రాయలేదు. అది రాయండి.