బలాస్ట్ నీరు – జలచరాలు

సందేహం: ‘నౌకల బలాస్ట్ జలాలతో జలచరాల వలస’ అనే శీర్షిక చదివాను. మరొకచోట ఆ నీటినే ‘కంకర నీరు’ అన్నారు. ఏది సరైనది?

సమాధానం: ‘కంకర నీరు’ పొరపాటు. రైలు పట్టాల కింద పరిచే కంకరను ఇంగ్లీషులో బలాస్ట్ అంటారు కనుక ఆ అర్థాన్నే ఓడకూ అంటగట్టారు. ఓడ విషయంలో బలాస్ట్ అంటే, సరుకు లేనప్పుడు అది తేలికై ఒరిగిపోకుండా అడుగున వేసే బరువు. పూర్వం రాళ్లూ ఇసుకా వేసేవారు; ఇప్పుడు ఒక రేవులో నీటిని తొట్లలోకి తోడుకొని, సరుకెక్కించుకునే రేవులో వదులుతారు. దీన్ని ‘నిలకడ నీరు’ అందామా అనుకున్నాను గాని, చదివేవారికి నిలవనీరే స్ఫురిస్తుంది. మొదటిసారి ‘ఓడ అడుగుబరువుగా నింపే నీరు’ అని విప్పి చెప్పి, ఆపైన ‘బలాస్ట్ నీరు’ అనడం మేలు. నదీ జలాలు, ప్రాదేశిక జలాలు అన్నప్పుడు నప్పే బహువచనం తొట్టిలోని నీటికి అక్కరలేదు.

ఇక జలచరం అంటే నీటిలో చరించేది. ఆ నీటిలో చేపపిల్లలే కాదు, నాచుల బీజాలు, బాక్టీరియా కూడా ఉంటాయి. వాటన్నిటికీ ‘జలజీవులు’ అనే మాటే చాలినంత విశాలం. ఉత్తర అమెరికా మహాసరస్సుల ప్రాంతంలోని సెయింట్ క్లెయిర్ సరస్సులో 1988లో బయటపడిన జీబ్రా ఆల్చిప్పనే చూడండి: పెరిగినది రాతికో గొట్టానికో అతుక్కొని, గుంపులుగా పేరుకొని నీటి సరఫరా గొట్టాలను పూడ్చేస్తుంది, కంటికి ఆనని దాని డింభకం మాత్రం నీటిలో తేలుతూ తిరుగుతుంది. బాల్యంలో చరించి పెద్దయ్యాక కదలని ఈ ప్రాణిని జలచరమనాలో వద్దో తేల్చడం వైయాకరణుడి పని కాదు!

‘వలస’ కూడా నాకు నచ్చలేదు. వలస వెళ్లేది తనంత తాను కదులుతుంది. వీటిని ఓడ మోసుకుపోతుంది. ‘వ్యాప్తి’ అంటే సరిపోతుంది. అయితే ఓడతో వచ్చినదంతా బలాస్ట్ నీటితో వచ్చినట్టు కాదు, ఓడ అడుగుభాగానికి అంటుకొని వచ్చేవీ ఉంటాయి. అమెరికా ఉష్ణమండల తీరాలకు చెందిన ఒక చిన్న ఆల్చిప్ప 1967లో విశాఖపట్నం రేవులో కనిపించింది. అలాంటివాటి గురించి రాసేటప్పుడు, దారి తెలియకపోతే ‘ఓడల ద్వారా’ అని ఊరుకోవడమే క్షేమం.

2004లో కుదిరి 2017 సెప్టెంబరు 8న అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం బలాస్ట్ నీటితోపాటు తొట్ల అడుగున పేరుకునే పదార్థాన్నీ పేర్కొంటుంది. దాన్ని ‘అవక్షేపాలు’ అని రాస్తున్నారు. ‘మడ్డి’ అంటే అందరికీ తెలుస్తుంది.