సంక్రాంతి ప్రయాణం: కారా, బస్సా, విమానమా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
డిసెంబరు 2020

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పండక్కి ఊరు వెళ్ళడం గురించే. దేశీయ విమానాలు మే 25 నుంచి తిరుగుతున్నాయి, రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులు నవంబరు 2 నుంచి మళ్ళీ నడుస్తున్నాయి. దారులు తెరుచుకున్నాయి గాని కరోనా పోలేదు, టీకా ఇంకా చేతికి రాలేదు. ఒకే తీరున ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేము మియాపూర్‌లో ఉంటాం, రాజమహేంద్రవరం వెళ్ళాలి. మా నాన్నగారికి 70 ఏళ్ళు, షుగరు ఉంది, ఇన్సులిన్ వేసుకుంటారు. సొంత కారులో వెళ్దామని నా భార్య, రాత్రి ఏసీ స్లీపర్ ఎక్కితే నిద్రలోనే ఊరొచ్చేస్తుందని తమ్ముడు, గంటలో దిగిపోయే విమానమే నయమని నాన్నగారు అంటున్నారు. ఏది మేలు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొత్తవారు ఎంతమందితో, ఎంతసేపు, ఎలాంటి గాలిలో కూర్చుంటారన్న లెక్క ముందు వేసుకుంటే మీ ఇంట్లో వాదన సగం తేలిపోతుంది. ఈ లెక్కలో అన్నిటికంటే వెనకబడేది మీ తమ్ముడు చెప్పిన ఏసీ స్లీపరే. తెరుచుకోని కిటికీలు, దించిన కర్టెన్లు, నిద్రలో ముక్కు మీద నుంచి జారిపోయే మాస్కులు, తిరిగి తిరిగి అదే గాలి, అదీ రాత్రంతా. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఈ ఏడాది జనవరి 19న కొందరు భక్తులు రెండు బస్సుల్లో ఒక బౌద్ధాలయానికి వెళ్ళివచ్చారు. ఒక బస్సులోని 68 మందిలో ఒకరికి కరోనా ఉంది. రానూపోనూ కలిపి ప్రయాణం రెండు గంటలు కూడా లేదు, అయినా లోపలి గాలినే తిప్పే ఏసీ నడుస్తున్న ఆ బస్సులో మరో 23 మందికి వ్యాధి సోకింది, వారిలో రోగికి చాలా వరసల దూరంలో కూర్చున్నవారూ ఉన్నారు. రెండో బస్సులో ఎవరికీ రాలేదు. బస్సు తప్పనిసరి అయితే జరిపి తెరుచుకునే అద్దాలున్న సూపర్ లగ్జరీలో, పగటి సర్వీసులో, కిటికీ పక్క సీటు తీసుకోండి. పడుకునే సుఖం తగ్గినా ఈ ఏడాదికి సర్దుకోవచ్చు.

మీ ఇంటి మనుషులే ఉండే కారు మొదటి స్థానంలో ఉంటుంది. అయితే డ్రైవరును మాట్లాడుకున్నా, పక్కింటివారికి లిఫ్టు ఇచ్చినా ఆ కారు మీ ఇంటి కారు కాకుండా పోతుంది. అప్పుడు అందరూ మాస్కులు పెట్టుకోవాలి, అద్దాలు దించుకోవాలి. ఏసీ వేసుకోక తప్పకపోతే డాష్‌బోర్డు మీద కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం గుర్తున్న మీట ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని ఆపేయండి. దాని లైటు వెలుగుతోందంటే లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతోందని, ఆరిపోతే బయటి గాలి వస్తోందని అర్థం. త్వరగా చల్లబడుతుందని మనలో చాలామంది దాన్ని ఏడాది పొడుగునా నొక్కే ఉంచుతారు.

సుమారు 420 కిలోమీటర్ల దారి, ఎనిమిది గంటలు పడుతుంది. పండగ ముందు రెండు రోజుల్లో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో మీకు తెలియనిది కాదు, కనుక ఆ రోజులకంటే కాస్త ముందే బయలుదేరండి. తెల్లవారుజామున విజయవాడ రహదారి మీద మంచు కమ్మి ఎదుటి లారీ కూడా కనబడదు. పొద్దెక్కాకే ఊరు దాటడం మంచిది. మహమ్మారి జాగ్రత్తలన్నీ తీసుకుని నిద్రమత్తులో బండి నడిపితే ప్రయోజనం లేదు. ఫాస్టాగ్ ఉంటే డబ్బు ఇచ్చిపుచ్చుకునే పని తప్పుతుంది.

కారులో వెళ్ళేవారికి అసలు ప్రమాదం కారు ఆపిన చోట ఉంటుంది. సూర్యాపేట దగ్గర హోటళ్ళలో బస్సులవారు, కార్లవారు అందరూ ఒకేసారి దిగి, మాస్కులు తీసి, గట్టిగా మాట్లాడుకుంటూ తింటారు. నిమ్మకాయ పులిహోరో చపాతీలో ఇంటి నుంచే తెచ్చుకుని, చెట్టు కింద కారు ఆపుకుని తినండి. టీ కావాలంటే కప్పు తీసుకుని బయటికి వచ్చి తాగండి. మరుగుదొడ్డి వాడక తప్పదు, నీళ్ళు తాగడం మాని మూత్రం ఆపుకోవడం నాన్నగారికి అసలు మంచిది కాదు. మాస్కుతో వెళ్ళి, పని ముగించుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేయాలి, అక్కడ నిలబడి ఫోను మాట్లాడకూడదు. రెండు గంటలకోసారి ఆయనను దింపి నాలుగు అడుగులు వేయించండి, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. భోజనం వేళ తప్పితే ఇన్సులిన్ వేసుకున్నవారికి షుగరు పడిపోవచ్చు కాబట్టి గ్లూకోజు బిస్కెట్లు, చక్కెర చేతికందేలా ఉంచండి. నిబంధనలు మారి తిరుగు ప్రయాణం ఆలస్యమైనా ఇబ్బంది లేకుండా మందులు రెండు వారాలకు అదనంగా పెట్టుకోండి, మందుల చీటీ ఫొటో ఫోనులో ఉంచుకోండి.

నాన్నగారు చెప్పిన విమానం రెండో స్థానంలో వస్తుంది. గాలిలో ఉండేది గంటా పది నిమిషాలైనా, శంషాబాద్‌కు రెండు గంటల ముందే చేరాలి, ఇటు మధురపూడి విమానాశ్రయం నుంచి ఇంటికి మళ్ళీ టాక్సీ. ఎనిమిది గంటలు కారులో కూర్చోలేని ఆరోగ్యమైతే నిస్సంకోచంగా విమానమే ఎక్కించండి. ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. సామానుతో పాటు కిందికి పంపితే చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు.

ప్రశ్న: విమానంలో భుజాలు రాసుకుంటూ కూర్చుంటాం కదా, అది బస్సు కంటే ఎలా నయం? మధ్య సీటు వారికి గౌను ఇస్తారట, దాని వల్ల లాభం ఉందా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సీట్ల దూరం చూస్తే మీ అనుమానం సబబే. తేడా అంతా గాలి తిరిగే తీరులో ఉంది. పెద్ద జెట్ విమానాల్లో గాలి పైనుంచి దిగి కాళ్ళ దగ్గర నుంచి బయటికి పోతుంది, ముందు నుంచి వెనక దాకా పారదు. అందులో దాదాపు సగం బయటి గాలి, మిగతాది 99.97 శాతం సూక్ష్మకణాలను పట్టేసే హెపా ఫిల్టర్ల గుండా వస్తుంది, రెండు మూడు నిమిషాలకోసారి క్యాబిన్‌లోని గాలి మొత్తం మారిపోతుంది. ఇంత ఉన్నా పక్కవాడి దగ్గు ఫిల్టరు దాకా వెళ్ళే ముందు మీ ముఖం మీదుగానే వెళ్తుంది. మార్చి మొదట్లో లండన్ నుంచి హనోయ్ వెళ్ళిన విమానంలో ఒక్క ప్రయాణికురాలి నుంచి 15 మందికి సోకినట్లు పరిశోధకులు తేల్చారు. వారిలో 12 మంది ఆమె ఉన్న బిజినెస్ క్లాసులోనివారే. అది పది గంటల ప్రయాణం, అప్పటికి విమానంలో మాస్కు తప్పనిసరి కాదు. అందుకే ఫిల్టరు ఉంది కదా అని మాస్కు గడ్డం కిందికి దించుకోవద్దు.

మధ్య సీటును వీలైనంత వరకు ఖాళీగా ఉంచాలని, కుదరకపోతే అక్కడ కూర్చునేవారికి గౌను ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జూన్‌లో ఆదేశించింది. గౌను బట్టలను కాపాడుతుంది, ఊపిరిని కాపాడదు. ఇచ్చింది వేసుకోండి, కాని నమ్ముకోవలసింది ముక్కూ నోరూ బిగువుగా మూసే మాస్కునే. కవాటం ఉన్న ఎన్-95 వద్దు. మీరు వదిలే గాలి వడపోత లేకుండానే ఎదుటివారి మీదికి పోతుంది, ఈ రకాన్ని వాడవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ జులైలోనే రాష్ట్రాలకు రాసింది. ముఖకవచం (ఫేస్ షీల్డు) మాస్కుకు తోడు మాత్రమే.

కిటికీ సీటు తీసుకుంటే నడవలో వెళ్ళేవారికి కాస్త దూరంగా ఉంటారు. తల మీది గాలి గొట్టం తెరిచే ఉంచండి. పక్కవారు తినడానికి మాస్కు తీస్తే మీరు ఆగి, వారు ముగించాక తినండి. గంట ప్రయాణంలో అసలు తినకపోయినా నష్టం లేదు. విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు గాలి మార్పిడి ఒక్కోసారి తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే మనవారంతా ఒక్కసారిగా లేచి పై అరల్లోని సంచుల కోసం తోసుకుంటారు. తలుపు తీయని విమానంలో లేచి నిలబడి ఎవరు ఎక్కడికి పోతారో ఎప్పటికీ అంతుబట్టదు! మీ వరస వచ్చేదాకా కూర్చోండి. దిగాక సామాను బెల్టుకు ఆనుకుని నిలబడకుండా నాలుగు అడుగులు వెనక ఉండి, మీ పెట్టె కనబడ్డాక ముందుకు వెళ్ళండి.

ప్రశ్న: నేను విమానాశ్రయానికి టాక్సీ నడుపుతాను. వెనక సీటుకు, నాకు మధ్య ప్లాస్టిక్ తెర కట్టించాను. ఇంకేం చేయాలి?
— ఒక పాఠకుడు, గన్నవరం

జవాబు: తెర తుంపరలను ఆపుతుంది, చుట్టూ తిరిగి వచ్చే గాలిని ఆపలేదు. తెర ఉంది కదా అని అద్దాలు మూయవద్దు. నాలుగూ దించగలిగితే అంతకు మించింది లేదు. చలికో దుమ్ముకో కుదరకపోతే ఒక ఉపాయం ఉంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ నెల మొదట్లో ప్రచురించిన లెక్కల ప్రకారం, రెండే అద్దాలు దించితే ఎవరి పక్క అద్దం వారు దించుకోవడం కంటే ఎదురు పక్కవి దించడం మేలు. మన కార్లలో మీరు కుడివైపు కూర్చుంటారు కాబట్టి ప్రయాణికుణ్ణి వెనక ఎడమవైపు కూర్చోబెట్టి, ముందు ఎడమ అద్దం, మీ వెనక అద్దం దించండి. కారు వేగంగా పోతున్నప్పుడు గాలి వెనక కిటికీలోంచి వచ్చి ముందు కిటికీలోంచి పోతూ మీ ఇద్దరి మధ్య అడ్డుగోడలా పారుతుంది. ఒకరు దిగి మరొకరు ఎక్కే మధ్యలో నాలుగు తలుపులూ బార్లా తెరిచి కాసేపు ఉంచండి. బాడుగ ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో తీసుకోండి. సీటు తుడవడం తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చాకే.

ప్రశ్న: గ్లవ్సు, పీపీఈ సూటు వేసుకుని వెళ్ళాలా? శానిటైజరు విమానంలో పట్టుకెళ్ళనిస్తారా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: రెండూ అక్కర్లేదు. గ్లవ్సు చేతితోనే ముఖం తుడుచుకుంటాం, సూటును సరిగ్గా విప్పడం ఆస్పత్రి సిబ్బందికే కష్టం. శానిటైజరు 350 మిల్లీలీటర్ల వరకు చేతిసంచిలో తీసుకెళ్ళవచ్చు. రాసుకున్నాక ఆరేదాకా అగ్గిపుల్ల గీయవద్దు.

ప్రశ్న: బయలుదేరే ముందు ఆర్టీపీసీఆర్ చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. ఊళ్ళో 82 ఏళ్ళ నాన్నమ్మ దగ్గరికి నిశ్చింతగా వెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: నిశ్చింతగా అంటే కాదు. వైరస్ ఒంట్లో చేరిన తరవాత లక్షణాలు కనబడడానికి రెండు నుంచి పద్నాలుగు రోజులు, సగటున అయిదు రోజులు పడుతుంది, తొలిరోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. పరీక్షకు ఇచ్చిన రోజు సాయంత్రం స్నేహితుల విందుకు వెళ్ళి ఉంటే ఆ కాగితం మీద మీకు హామీ లేదు. విమానాశ్రయంలో నుదుటి మీద చూపే థర్మామీటరు జ్వరాన్ని మాత్రమే పడుతుంది. జ్వరం రాకుండానే వైరస్‌ను అంటించేవారు ఎందరో.

చేయదగినది ఏమిటంటే, బయలుదేరే ముందు వారం పది రోజులు పెళ్ళిళ్ళకు, హోటళ్ళకు, మాల్స్‌కు వెళ్ళకుండా ఉండి, ఊరు చేరాక మొదటి అయిదారు రోజులు నాన్నమ్మతో వసారాలోనో పెరట్లోనో కొంచెం దూరంగా, మాస్కుతో మాట్లాడడం. ఒకే గదిలో పడుకోవద్దు, ఒకే వరసలో కూర్చుని భోంచేయవద్దు. పెద్దావిడ నొచ్చుకుంటుంది, ముందే ఫోనులో చెప్పి ఉంచండి. ఇంట్లో ఒక పల్స్ ఆక్సీమీటరు ఉంచి, రీడింగు 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి సంప్రదించండి. అంబులెన్సుకు 108 ఉంది.

బయలుదేరే రోజున జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం వంటివి ఉంటే నెగెటివ్ కాగితం చేతిలో ఉన్నా టికెట్టు రద్దు చేసుకోండి. పారాసిటమాల్ వేసుకుని థర్మామీటరును దాటేసేవారు ఉన్నారని వింటున్నాం, ఆ పని మాత్రం చేయవద్దు. టికెట్టు కొనేటప్పుడే తేదీ మార్చుకునే వీలున్నది చూసి కొనండి.