స్టొఫ్‌జౌగెన్ పుట్టుక తేల్చాలంటే

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

డచ్ సమాస క్రియ మీద రాయడానికి స్టొఫ్‌జౌగెన్ తీసుకున్నావు, అంటే వాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లు శుభ్రం చేయడం. స్టొఫ్ దుమ్ము, జౌగెన్ పీల్చడం, కలిస్తే క్రియ అని మాత్రం రాసేయకు. బోల్తా పడేది అక్కడే.

ముందు భూతకాల రూపాలు పక్కపక్కన రాసుకో. జౌగెన్‌కు జోగ్, గెజోగెన్ అని లోపలి అచ్చు మారుతుంది. స్టొఫ్‌జౌగెన్‌కు స్టొఫ్‌జౌగ్‌దె, గెస్టొఫ్‌జౌగ్‌ద్. అచ్చు కదల్లేదు, భూతకాలపు గుర్తు ‘గె’ వచ్చి మొత్తం మాట ముందు చేరింది, ముక్కలు విడిపోలేదు. నేరుగా జౌగెన్ సంతానమైతే పాత రూపాలు వెంట వచ్చేవి. కాబట్టి ముందు పుట్టింది స్టొఫ్‌జౌగర్ అనే యంత్రం పేరు, దాన్నుంచి క్రియ తీశారు. శిల్పం చెక్కడం అనే బేల్డ్‌హౌవెన్ కూడా ఇంతే: విడి హౌవెన్‌కు హీవ్, సమాసానికి బేల్డ్‌హౌవ్‌దె. ఊపిరి తీయడం అనే ఆదెమ్‌హాలెన్ వేరు, వాక్యంలో విడిపోయి ‘హాల్దె ఆదెమ్’ అవుతుంది.

ఈ అచ్చు పరీక్ష అన్నిచోట్లా పనిచేయదు. సంప్రదించడం అనే రాద్‌ప్లేగెన్‌లో ‘చేయు’ అనే అర్థపు ప్లేగెన్‌కు విడిగానూ ప్లేగ్‌దె అనే రూపమే. మాతృక్రియకు అచ్చు మారేదైతేనే దీన్ని నమ్ము.

తర్వాత ముక్కల సంగతి. ‘హెట్ స్టొఫ్’ దుమ్ము, ‘దె స్టొఫ్’ బట్ట, పదార్థం. రెండూ వేరే మాటలు: దుమ్ము స్టొఫ్‌కు చుట్టం దుమ్ము ఎగరడం అనే స్టౌవెన్, బట్ట స్టొఫ్ ఫ్రెంచి నుంచి వచ్చింది. నిఘంటువులో తప్పు పద్దు తెరిస్తే వ్యాసమంతా దారి తప్పుతుంది. గమనించడం అనే వార్‌నేమెన్‌లోనూ అంతే, ఆ ‘వార్’కు అర్థం ‘నిజం’ కాదు, ‘జాగ్రత్త, ధ్యాస’.

ఇక తేదీలు. హ్యూబర్ట్ సెసిల్ బూత్ ఇంగ్లండులో పీల్చే యంత్రం తెచ్చింది 1901లో, కనుక 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల పత్రికలే వెతుకు. పాత డచ్ పత్రికల ఆన్‌లైన్ భాండారం డెల్ఫెర్‌లో పేరునూ క్రియనూ విడివిడిగా, క్రియను అన్ని రూపాల్లోనూ కొట్టు. కంప్యూటర్ చదివిన పాత ముద్రణలో అక్షరాలు తారుమారవుతాయి, దొరికిన ప్రతిదాన్నీ పుట బొమ్మలో కళ్లారా చూడు. పేరు క్రియకంటే ముందు కనబడితే రూపాలు చెప్పినదానికి బలం.

జర్మన్‌లోనూ ఇలాంటివే స్టౌబ్‌సౌగర్ అనే యంత్రం పేరు, గెస్టౌబ్‌సౌగ్ట్ అనే భూతకాల రూపం ఉన్నాయి కదాని డచ్ వాళ్లు అరువు తెచ్చుకున్నారని తేల్చకు. రెండు భాషల తొలి తేదీలు ఎదురెదురుగా పెట్టాకే ఆ మాట రాయి.

నీ మావయ్య