సిటీకి పెద్ద పాలసీ ఉంటే పెద్ద పరిహారం వస్తుందా?

టెక్సాస్‌లో సిటీ చెత్త ట్రక్కు మీ కారును గుద్దింది, మీవారికి సర్జరీ అయింది, సిటీకి 50 లక్షల డాలర్ల లయబిలిటీ పాలసీ (తన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునే ఇన్సూరెన్స్) ఉందట, అంతదాకా అడగొచ్చా అన్నారు. అడగడానికేం, అడగొచ్చు. రాదండీ.

నేను అదే రాష్ట్రంలో ఒక సిటీ ఆఫీసులో క్లెయిములు చూసేదాన్ని. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది మొదట పాలసీ లిమిట్ ఎంతని అడిగేవారు. ముందు చూడాల్సింది పాలసీ కాదు, చట్టం. ప్రభుత్వ సంస్థల మీద వేసే నష్టపరిహార దావాలకు వర్తించే టెక్సాస్ టార్ట్ క్లెయిమ్స్ యాక్ట్ ప్రకారం ఇలాంటి ప్రమాదంలో సిటీ మీద పడే బాధ్యత ఒక మనిషికి 2.5 లక్షల డాలర్లు, ప్రమాదం మొత్తానికి 5 లక్షలు, ఆస్తి నష్టానికి లక్ష దాటదు. కారులో నలుగురు గాయపడ్డా ఆ 5 లక్షల్లోనే సర్దుకోవాలి. పాలసీ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. అన్ని రాష్ట్రాల్లో ఇలా ఉండదు. మిస్సోరీలో సిటీ ఇన్సూరెన్స్ కొంటే అది కవర్ చేసే మేరకు, దావాల నుంచి తనకుండే చట్టరక్షణ వదులుకున్నట్టే. అందుకే అక్కడ చాలా పాలసీల్లో ‘రక్షణ వదులుకోవడం లేదు’ అని ముందే రాసుకుంటారు!

మరి అంత పెద్ద పాలసీ దేనికి? ఎక్కువగా పోలీసుల తీరు మీద వచ్చే దావాల కోసం. పౌరహక్కుల ఉల్లంఘన మీద ఫెడరల్ చట్టం కింద వేసే దావాలకు రాష్ట్రం పెట్టిన పరిమితి వర్తించదు. 1978లో మోనెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, సిటీ విధానం వల్లో, అక్కడ పాతుకుపోయిన అలవాటు వల్లో హక్కులు దెబ్బతింటే సిటీ మీదే కేసు వేయొచ్చు. ఓడితే అవతలివాళ్ల లాయరు ఫీజు కూడా సిటీ నెత్తినే పడుతుంది. మాకు టెన్షన్ పెట్టేవి ఇవే, ట్రక్కు ప్రమాదాలు కాదు.

ఇంకో సంగతి. ఇన్సూరెన్స్ కంపెనీ మొదటి డాలరు నుంచీ కట్టదు. ముందు కొంత మొత్తం సిటీ సొంతంగా భరించాలి, దాన్ని రిటెన్షన్ అంటారు. అది 2.5 లక్షలు అనుకోండి, మీవారి క్లెయిమ్ మొత్తం అందులోనే ఇమిడిపోతుంది, కంపెనీ దాకా వెళ్లనే వెళ్లదు. అంటే మీరు బేరమాడేది సిటీ బడ్జెట్‌తో. అందుకే అంత గట్టిగా బిగుస్తారు. కొన్ని పాలసీల్లో, ముఖ్యంగా అధికారుల నిర్ణయాల మీద వచ్చే దావాలకు, సిటీ లాయర్ల ఖర్చు కూడా లిమిట్‌లోంచే తరిగిపోతుంది. మీ కేసుకు అది అంతగా తగలదు.

చెత్త తీయడం ప్రభుత్వ విధి కిందకి వస్తుంది కాబట్టి మీకు ఈ పరిమితి తప్పదు. అదే సిటీ సొంత కరెంటు సంస్థ ట్రక్కు అయ్యుంటే కథ వేరు. దాన్ని వ్యాపారంగా లెక్కేస్తారు, ఈ పరిమితులు ఉండవు.

గడువు మాత్రం ఇవాళే చూసుకోండి. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు సిటీకి నోటీసు చేరాలి. కొన్ని సిటీల చార్టర్లలో, అంటే సిటీ సొంత మూల నిబంధనల్లో, గడువు ఇంకా తక్కువ. తేదీ, చోటు, ఎలా జరిగింది, ఏం దెబ్బలు తగిలాయి అన్నీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. సర్జరీ బిల్లులన్నీ వచ్చేదాకా ఆగక్కర్లేదు, అవి తర్వాత ఇవ్వొచ్చు.