ఐవీఎఫ్‌కి ముందు కంచంలో ఏముండాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా వయసు 34. పెళ్లయి ఏడేళ్లు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగ్గా విడుదల కాని సమస్య) ఉంది, దానికి రెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నాను, వేరే మందులేవీ లేవు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 71 కిలోలు, హిమోగ్లోబిన్ 9.8. రెండుసార్లు ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) చేశారు, నిలవలేదు. సంక్రాంతి వెళ్లాక ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యాన్నీ బయట కలిపి పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) చేయించుకుందామని అనుకుంటున్నాం. ఒకచోట డైట్ చార్టు రాసిచ్చారు: అవకాడో, క్వినోవా, బ్లూబెర్రీ, ఆలివ్ నూనె. నెలకి ఎనిమిది వేలు అవుతోంది. బరువు తగ్గాకే రమ్మన్నారు కూడా. బిడ్డ పుట్టేదాకా కోడలు నీచు ముట్టదని మా అత్తగారు మొక్కుకున్నారు. సోమ, శనివారాలు ఉపవాసం. పొద్దున్నే బీట్‌రూట్ రసం ఇస్తారు. మావారికి 37, వీర్యకణాల కౌంటు కొంచెం తక్కువన్నారు. జిమ్‌కి వెళ్తారు, ప్రొటీన్ పౌడరు, జింక్ మాత్రలు వాడతారు. ఏం తింటే ఐవీఎఫ్ సక్సెస్ అవుతుంది? నేను సరిగ్గా తినకే పోయినసారి నిలవలేదని ఇంట్లో అంటున్నారు.
– పేరు వద్దన్న పాఠకురాలు, తణుకు

జవాబు: మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర్నుంచి మొదలుపెడతానమ్మా. ఐయూఐ వందమందికి చేస్తే ఆ నెలలో ఎనభైమందికి పైగానే నిలవదు. వాళ్లందరికీ తిండి వల్లే పోయిందంటే మా డాక్టర్లం స్కానింగ్ మిషన్లు అమ్మేసి కర్రీ పాయింట్లు పెట్టుకోవాలి. ఈసారి ఎవరైనా ఆ మాటంటే ఈ పేజీ చేతికివ్వండి.

ఇక చార్టు. 2018లో గ్రీసు దేశంలో, ఏథెన్స్‌లో, ఐవీఎఫ్‌కి వచ్చిన 244 మంది ఆడవాళ్లని అంతకుముందు ఆరు నెలలు ఏం తిన్నారో అడిగి రాసుకున్నారు. కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా తినేవాళ్లలో సుమారు 49 శాతం మందికి బిడ్డ పుట్టింది. ఆ తిండికి బాగా దూరంగా ఉన్నవాళ్లలో 27 శాతమే. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ 35 దాటినవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. మరుసటి ఏడాది ఇటలీ నుంచి వచ్చిన అధ్యయనంలో తిండికీ ఫలితానికీ స్పష్టమైన సంబంధమే తేలలేదు. పైగా ఒద్దికగా తినేవాళ్లు వేళకి నిద్రపోతారు, నడుస్తారు, సిగరెట్ జోలికి పోరు. బిడ్డ పుట్టింది పప్పు వల్లో, నడక వల్లో ఎవరు విడదీసి చెప్పగలరు? అయినా ఆ తినే తీరు మంచిదే, గర్భం నిలిచాక షుగరుకీ బీపీకీ కూడా. ఏథెన్స్ వాళ్లు తిన్నది వాళ్ల సంతలో దొరికేవే. మీరు తణుకు సంతకి వెళ్లండి. ఆ ఎనిమిది వేలు దాచుకోండి, ఇంజెక్షన్లకి కావాలి.

మన గోదావరి కంచం నాకు తెలుసు. అన్నం కొండంత, పప్పు దాని మీద తీర్థంలాగా. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి బియ్యం, గోధుమ, రాగి అన్నీ కలిపి 250 గ్రాములన్నారు. పప్పులు 85 గ్రాములు. మన ఇళ్లలో ఎవరైనా పప్పు తూచి చూశారా? పొద్దున రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. మధ్యాహ్నం అన్నం సగం చేసి, తోటకూర పప్పో గోంగూర పప్పో కప్పు నిండా. సాయంత్రం శనగల గుగ్గిళ్లు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, కూర, పెరుగు. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) అనే విటమిన్ అందులోకే దిగిపోతుంది.

ఇంత ఖరీదైన చార్టులో ఫోలిక్ యాసిడ్ మాత్ర లేకపోవడం నాకు అన్నిటికన్నా వింతగా ఉంది. బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడే గొట్టం గర్భం వచ్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. ఐవీఎఫ్‌లో అయినా, మామూలుగా అయినా, రిజల్టు చేతికొచ్చాక మాత్ర మొదలుపెడితే ఆ గడువులో సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. కాబట్టి కనీసం నెలరోజుల ముందు నుంచి రోజుకి 400 మైక్రోగ్రాములు. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాముల బిళ్ల. అది షుగర్ ఉన్నవాళ్లకి, మూర్ఛ మందులు వాడేవాళ్లకి, ఇదివరకు బిడ్డకి వెన్నులో లోపం వచ్చినవాళ్లకి రాస్తాం. మీకు ఏ మోతాదో మీ డాక్టర్ చెప్పాలి, షాపువాడు కాదు.

మీకు బీ12 పరీక్ష చెయ్యలేదంటే వెంటనే చేయించండి. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే బీ12 తగ్గుతుంది. మొక్కు వల్ల చేప, గుడ్డు, మాంసం కూడా ఆగిపోయాయి. పాలు, పెరుగు కొంత ఇస్తాయి గానీ మీ విషయంలో వాటి మీదే భారం వెయ్యలేను. తక్కువుంటే మాత్రో ఇంజెక్షనో తీసుకుంటే సరిపోతుంది, మొక్కు తప్పక్కర్లేదు.

బీట్‌రూట్ రంగు చూసి మనవాళ్లు రక్తమనుకుంటారు. 100 గ్రాముల దుంపలో ఐరన్ ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. అత్తగారు ప్రేమతో ఇస్తున్నారు, తాగండి, నష్టమేం లేదు. కానీ 9.8 నుంచి పైకి ఎక్కాలంటే ఐరన్ మాత్ర కావాలి. నిమ్మరసంతో వేసుకోండి. దానికి ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ వద్దు. కాల్షియం మాత్ర వేరే పూట. నెల తర్వాత కూడా హిమోగ్లోబిన్ కదలకపోతే తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తలోపం) క్యారియరేమో చూడాలి. క్యారియర్ అని తేలితే మీవారికీ అదే పరీక్ష, ఐవీఎఫ్‌కి ముందే.

ఉపవాసాల గురించి. ఒంట్లో రక్తం తక్కువున్న మనిషి వారానికి రెండు రోజులు ఖాళీ కడుపుతో ఉండటం నాకు ఇష్టం లేదు. ఉండి తీరాలంటే పాలు, పళ్లు, వేయించిన వేరుశెనగలు తినే ఉపవాసం ఉండండి. ఆ రోజు మెట్‌ఫార్మిన్ ఎలా వేసుకోవాలో మీ డాక్టర్ని అడగండి. అండాల కోసం ఇంజెక్షన్లు మొదలయ్యాక ఆ పదీ పన్నెండు రోజులు మాత్రం ఉపవాసాలు పూర్తిగా మానేయాలి. వాయిదాకి స్వామి ఒప్పుకుంటాడు. అత్తగారితో మీవారు మాట్లాడాలి. ఆవిడ కొడుకు నోటి నుంచి వస్తేనే ఆ మాటకి విలువ.

బరువు విషయంలో మీకు చెప్పినదాంతో నేను పూర్తిగా ఏకీభవించను. పీసీఓఎస్‌లో ఒంటి బరువులో ఐదు శాతం తగ్గినా, అంటే మీకు మూడున్నర కిలోలు, కొందరికి నెలసరి దారిలో పడుతుంది. అంతవరకూ మంచిదే. కానీ బరువు తగ్గేదాకా ఐవీఎఫ్ ఆపుతామంటే, నెదర్లాండ్స్‌లో 2016లో వెలువడిన పరీక్ష గుర్తుచేస్తాను. పిల్లల కోసం వచ్చిన 577 మంది అధిక బరువు ఆడవాళ్లలో సగంమందికి ముందు ఆరు నెలలు ఆహారం, వ్యాయామం నేర్పించారు, మిగతావాళ్లకి వెంటనే చికిత్స మొదలుపెట్టారు. రెండేళ్లలో నెలలు నిండి, మామూలు కాన్పుతో, ఆరోగ్యంగా ఒక్క బిడ్డని కన్నవాళ్లు ముందు బరువు తగ్గించిన గుంపులో ఎక్కువ కాలేదు. మందుల్లేకుండా గర్భం వచ్చినవాళ్లు మాత్రం ఆ గుంపులోనే ఎక్కువ. మీకు 34. అండాల సంఖ్యని ఏ తిండీ పెంచదు, వయసు తగ్గిస్తూనే ఉంటుంది. నడవండి, అన్నం తగ్గించండి, సంక్రాంతికి ఎన్ని కిలోలు తగ్గితే అన్నే. తేదీ మార్చొద్దు. షుగర్ పరీక్ష, అదే మూడు నెలల సగటు చెప్పేది, ముందే చేయించుకోండి. అది 6.5 దాటి ఉంటే అప్పుడు ఆగడానికి అర్థముంది.

ఉత్తరమంతా మీ కంచం గురించే. మీవారి కంచం గురించి రెండే రెండు వాక్యాలు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అంటే సంక్రాంతి తర్వాత ఇచ్చే శాంపిల్‌కి దీపావళికల్లా ఆయన మారాలి. జింక్ వల్ల వచ్చేదేమీ లేదు. అమెరికాలో 2,370 జంటల మీద చేసిన పరీక్ష 2020లో వచ్చింది. మగవాళ్లకి ఆరు నెలలు జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపి ఇచ్చారు. పిల్లలు ఎక్కువ పుట్టలేదు, కడుపులో ఇబ్బందులు మాత్రం పెరిగాయి. గుట్కా, ఖైనీ, సిగరెట్, వారాంతపు బీరు ఉంటే అవి ఆగాలి. రాత్రి బిర్యానీ, కూల్‌డ్రింకు మానేసి మీరు తినే పప్పూ ఆకుకూరే ఆయనా తినాలి.

నాకు అసలు అనుమానం జిమ్ మీద. పౌడరు సంగతి సరే, ఇంజెక్షన్లేమైనా వేసుకుంటున్నారా? బయటి నుంచి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఎక్కిస్తే మెదడు వృషణాలకి పని చెప్పడం మానేస్తుంది. కండలు పెరుగుతాయి, కౌంటు సున్నాకి కూడా పడిపోవచ్చు. ఆపాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైన. నా ఓపీలో భార్య పక్కన కూర్చున్నప్పుడు “అబ్బే, ఏం లేదు మేడమ్” అంటారు. ఆవిడ స్కానింగ్ గదిలోకి వెళ్లగానే సెల్‌ఫోన్ తీసి వయల్ ఫొటో చూపిస్తారు. మీవారిని గదమాయించకుండా అడగండి. ఉందంటే వెంటనే యాండ్రాలజిస్టుకి (మగవాళ్ల సంతాన సమస్యలు చూసే డాక్టర్‌కి) చూపించి, కొత్తగా వీర్యపరీక్ష చేయించాకే ఐవీఎఫ్ తేదీ తీసుకోండి. తేదీ మార్చడానికి ఇది మాత్రం సరైన కారణం.

ప్రశ్న: మేడమ్, నాకు పదిరోజుల కింద పిండం పెట్టారు. పైనాపిల్ మధ్యలో ఉండే గట్టి భాగం తింటే అతుక్కుంటదని ఒకరు, పైనాపిల్, బొప్పాయి ముడితే పోతదని మా అమ్మ. మంచం దిగకుండా ఉన్నా. ఏం తినాలె?
– పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ముందు మంచం దిగమ్మా. పిండం పెట్టాక పడుకుని ఉంటే గర్భం నిలిచే అవకాశం పెరగదని పరీక్షల్లో తేలింది, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం. పైనాపిల్ మధ్య భాగం పిండాన్ని అతికిస్తుందనడానికి ఆధారం లేదు. రెండు ముక్కల పండు తింటే పోయేదీ లేదు. పచ్చి బొప్పాయి పాలు గర్భసంచి కండరాన్ని బిగిస్తాయని ఎలుకల మీద ప్రయోగాల్లో కనిపించింది, కాబట్టి పచ్చికాయ కూర వద్దు. బాగా పండిన బొప్పాయికి ఆ దోషం లేదు. గర్భం నిలవడానికి వాడే ప్రొజెస్టెరాన్ మందు వల్ల మలబద్ధకం పట్టుకుంటుంది కదా, దానికి పండిన బొప్పాయి, జామపండు, నీళ్లు మంచివి. మీ అమ్మ మరీ భయపడుతుంటే బొప్పాయి వదిలేసి జామతో సరిపెట్టుకో. ప్రొజెస్టెరాన్ మాత్రం ఒక్క పూట కూడా తప్పొద్దు, రక్తపరీక్ష రోజు పొద్దున కూడా వేసుకునే వెళ్లు.