వీగన్‌గా మారాక మైగ్రేన్ పెరిగింది.. మళ్లీ పాలు మొదలుపెట్టాలా?

ప్రశ్న: నా వయసు 34. కాలేజీ రోజుల నుంచి మైగ్రేన్ ఉంది. నొప్పికి ముందు కళ్ల ముందు వంకరటింకరగా మెరిసే గీతలు కనిపిస్తాయి. తర్వాత తలలో ఒకవైపు పోటు, వాంతులు. మూడేళ్ల క్రితం వీగన్‌గా మారాను. మాంసం, గుడ్లు, పాలు, పాల పదార్థాలు, తేనె ఏవీ తీసుకోను. ఎనిమిది నెలలుగా నొప్పి బాగా ఎక్కువైంది. వారానికి మూడు నాలుగు రోజులు పారాసిటమాల్, కెఫీన్ కలిసిన మాత్ర వేసుకుంటున్నా ఇదివరకటిలా తగ్గడం లేదు. మధ్యమధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. విటమిన్ మాత్రలు కృత్రిమమైనవని ఏవీ వాడడం లేదు. పాలు మానేయడం వల్లే ఇదంతా అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. వీగన్‌గా ఉంటూనే మైగ్రేన్ తగ్గాలంటే ఏం తినాలి, ఏం మానాలి? మైగ్రేన్ మందుల్లో జంతు పదార్థాలు ఉంటాయా? దయచేసి సలహా ఇవ్వగలరు.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు ప్రధానంగా అడిగింది ఆహారం గురించి. దానికి తప్పకుండా వస్తాను. కానీ మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించినవి వేరే రెండు విషయాలు. వారానికి మూడు నాలుగు రోజులు మాత్ర వేసుకోవడం ఒకటి, అరికాళ్ల తిమ్మిరి రెండోది. ఈ రెండింటినీ మీరు మాటవరసకు రాసినట్లు రాశారు.

ముందు మాత్రల లెక్క చూద్దాం. వారానికి మూడు నాలుగు రోజులంటే నెలకు 12 నుంచి 16 రోజులు. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటి సాధారణ నొప్పి మాత్రలను నెలలో 15 రోజులు గాని అంతకన్నా ఎక్కువ గాని, కెఫీన్ వంటివి కలిసిన మాత్రలను, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా వాడే మందులైన ట్రిప్టాన్లను, ఎర్గోటమిన్‌ను, కోడీన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్లను (నల్లమందు తరహా బలమైన నొప్పి మందులను) 10 రోజులు గాని అంతకన్నా ఎక్కువ గాని వాడుతూ, అలా మూడు నెలలు దాటితే, ఆ మందే తలనొప్పికి కారణం కావచ్చు. దీన్ని మెడికేషన్ ఓవర్‌యూజ్ హెడేక్ అంటాం. ఇక్కడ మాత్రలను కాక రోజులను లెక్కపెట్టాలి. ఒకే రోజు రెండు మాత్రలు వేసుకుంటే అది ఒక రోజే. రోజుకు అర మాత్ర చొప్పున పదిహేను రోజులు వేసుకుంటే అది పదిహేను రోజులు. మొదటి నుంచీ తలనొప్పి జబ్బు లేనివారు మోకాళ్ల నొప్పికి ఇవే మాత్రలను నెలల తరబడి వాడినా సాధారణంగా ఈ సమస్య రాదు. మైగ్రేన్ ఉన్నవారిలో మాత్రం, మాటిమాటికీ మందు అందే కొద్దీ మెదడులో నొప్పిని గుర్తించే వ్యవస్థ మరింత సున్నితమైపోతుంది. మందు ప్రభావం దిగగానే నొప్పి తిరగబెడుతుంది, దానికి మరో మాత్ర పడుతుంది. ఎనిమిది నెలల్లో మీ నొప్పి పెరగడానికీ, పాత మాత్ర పనిచేయకపోవడానికీ ఇదే కారణమై ఉండే అవకాశం బలంగా ఉంది. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదే కారణమని నేను తేల్చి చెప్పలేను.

ఈ విషయంలో నాకు కొంత చాదస్తం ఉందని నా దగ్గరికి వచ్చేవారికి తెలుసు. మాత్రలెన్ని వాడుతున్నారని అడిగితే "ఎప్పుడో ఒకటి డాక్టర్ గారూ" అంటారు. బ్యాగులో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టమంటే రెండు సగం వాడిన స్ట్రిప్పులు, జలుబుకని కొన్నది ఒకటి, ఒళ్లునొప్పులకని ఎవరో ఇచ్చినది మరొకటి బయటికి వస్తాయి. పేర్లు నాలుగైనా వెనకవైపు చిన్న అక్షరాల్లో మూడింటి మీద పారాసిటమాల్ అనే ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములకు మించితే కాలేయానికి ప్రమాదం; బరువు తక్కువగా ఉన్నవారికి, సరిగా తిననివారికి, మద్యం అలవాటున్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ. వాంతులవుతూ రోజంతా ఏమీ తినని మైగ్రేన్ రోగి ఇలా పేర్లు మార్చి మార్చి వేసుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. పళ్లెంలో ఏముందో ఇంత శ్రద్ధగా చూసుకునే మీరు మాత్రల రోజులను క్యాలెండరు మీద రాసుకోకపోవడం నాకు కొంచెం నొచ్చుకునే విషయమే.

అలాగని ఈ జవాబు చదివి రేపటి నుంచే అన్నీ ఆపేయవద్దు. వాడకం ఆపిన తర్వాత సాధారణంగా 2 నుంచి 10 రోజులపాటు తలనొప్పి పెరుగుతుంది. వికారం, నిద్రలేమి, చికాకు తోడవుతాయి. చాలామంది ఆ దశలోనే భయపడి మళ్లీ స్ట్రిప్పు చేతిలోకి తీసుకుంటారు. న్యూరాలజిస్టు పర్యవేక్షణలో ఆపితే ఆ రోజులు గడవడానికి వేరే మందు ఇస్తారు, దాంతోపాటే నొప్పి రాకుండా నివారించే మందు మొదలుపెడతారు. ఓపియాయిడ్ కలిసినవైతే క్రమంగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. నివారణకు ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, క్యాండిసార్టన్ వంటివి ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనొలాల్ పనికిరాదు. టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి కనుక గర్భం దాల్చే అవకాశం ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఏ మందైనా పనిచేసిందీ లేనిదీ తేలడానికి తగిన మోతాదులో రెండు మూడు నెలలు పడుతుంది. వారం వాడి వదిలేసినవారు ఆ మందు పనిచేయలేదని చెప్పడం సరికాదు.

నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మందు విషయంలోనూ ఒక మాట. మైగ్రేన్ సమయంలో జీర్ణాశయం కదలిక మందగిస్తుంది, అందువల్ల ఆలస్యంగా మింగిన మాత్ర ఒంటికి సరిగా పట్టదు, పైగా వాంతిలో పోతుంది. నొప్పి మొదలైన తొలి దశలోనే, అవసరమైతే వాంతుల మందుతో కలిపి, సరైన మోతాదు ఒక్కసారి వేసుకోవడం మేలు. మీలా వాంతులు ఎక్కువగా ఉన్నవారికి ముక్కులో స్ప్రే రూపంలోనో ఇంజెక్షన్ రూపంలోనో ట్రిప్టాన్ ఇవ్వవచ్చు. గుండె రక్తనాళాల జబ్బు, గతంలో పక్షవాతం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ట్రిప్టాన్లు వాడకూడదు కాబట్టి వాటిని సొంతంగా కొని ప్రయత్నించవద్దు.

ఇప్పుడు అరికాళ్ల తిమ్మిరి. మైగ్రేన్‌కు ముందు వచ్చే ఆరాలో (నొప్పికి ముందు కొద్దిసేపు కనిపించే మెరుపు గీతల వంటి హెచ్చరిక లక్షణాల్లో) కూడా తిమ్మిరి ఉండవచ్చు, కానీ అది సాధారణంగా ఒకవైపు వేళ్లలో మొదలై చేతి మీదుగా ముఖం దాకా పాకి గంటలోపు పోతుంది. నొప్పి లేని రోజుల్లో కూడా రెండు అరికాళ్లలో తిమ్మిరి ఉంటే, మూడేళ్లుగా వీగన్‌గా ఉండి ఏ సప్లిమెంటూ వాడని వ్యక్తిలో నేను మొదట అనుమానించేది విటమిన్ బి12 లోపాన్నే. కాలేయంలో దీని నిల్వలు కొన్నేళ్ల వరకు సరిపోతాయి. అందుకే ఆహారం మార్చిన మొదటి ఏడాది బాగానే ఉన్నామన్న ధీమా కలుగుతుంది. లోపం ముదిరితే నడకలో తూలు, మతిమరుపు, కాళ్లలో పట్టు తప్పడం వస్తాయి. మరీ ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

హిమోగ్లోబిన్ బాగుందని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. ఆకుకూరలు, పప్పులు ఎక్కువగా తినేవారికి ఫోలేట్ అనే మరో బి విటమిన్ పుష్కలంగా అందుతుంది, అది రక్తహీనతను కప్పిపుచ్చుతుంది, నరాల నష్టం మాత్రం లోలోపల సాగుతూనే ఉంటుంది. బి12 సంగతి తేలకుండా ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్) మాత్రలు మాత్రమే వాడటం ప్రమాదకరమని చెప్పేది ఇందుకే. రక్తంలో బి12తో పాటు, అవసరమైతే మిథైల్ మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ పరీక్షలు చేయించండి. వీలైనంతవరకు సప్లిమెంటు మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వండి, లేకపోతే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. తిమ్మిరి వంటి నరాల లక్షణాలు ఉన్నప్పుడు సాధారణంగా మాత్రలతో సరిపెట్టకుండా ఇంజెక్షన్లతో మొదలుపెడతాం. పరీక్షల పేరుతో చికిత్స వారాల తరబడి వాయిదా పడకూడదు.

"కృత్రిమం" అని విటమిన్లకు దూరంగా ఉన్నానన్నారు. బి12ను మొక్కలూ తయారుచేయలేవు, జంతువులూ తయారుచేయలేవు. దాన్ని తయారుచేసేది బ్యాక్టీరియా. మాత్రల్లోని బి12 కూడా బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసినదే, వీగన్లకు నిక్షేపంగా పనికొస్తుంది. స్పైరులినా అనే నాచులో ఉందని ప్రచారం జరిగే బి12లో ఎక్కువ భాగం మన శరీరానికి ఉపయోగపడని రూపం. పెద్దవారి రోజువారీ అవసరం 2.4 మైక్రోగ్రాములే అయినా, పెద్ద మోతాదులో ఒంటికి పట్టేది కొద్ది భాగమే కనుక మాత్రల్లో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ఆ అంకె చూసి భయపడవద్దు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకి మందులు దీర్ఘకాలం వాడేవారిలో బి12 ఇంకా తగ్గుతుంది. మీరు అవేవైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. బి12 సరిదిద్దితే మైగ్రేన్ పోతుందని మాత్రం నేను హామీ ఇవ్వడం లేదు. రక్తపరీక్ష ఎలాగూ చేయిస్తున్నారు కాబట్టి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు), విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూపించుకోండి.

మీరు రాయని ఒక విషయం నేనే అడగాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా? మీరు వర్ణించిన మెరుపు గీతలు ఆరా లక్షణంలా ఉన్నాయి. ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్న స్త్రీలు ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. పొగతాగే అలవాటు తోడైతే మరీ ఎక్కువ. వాడుతుంటే వెంటనే గైనకాలజిస్టుతో మాట్లాడి వేరే పద్ధతికి మారండి. అలాగే క్షణాల్లో తీవ్రస్థాయికి చేరే తలనొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, మాట తడబడటం, ఒక కాలు లేదా చేయి బలహీనపడటం, చూపు పోవడం, ఆరా గంట దాటినా తగ్గకపోవడం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, ఇలాంటివి ఉంటే ఇది మామూలు మైగ్రేనే అనుకుని చీకటి గదిలో పడుకోవద్దు. ఆ క్షణమే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక ఆహారం. పాలు మానేయడం వల్ల మైగ్రేన్ వస్తుందనడానికి ఆధారం లేదు కాబట్టి ఈ కారణంతో మళ్లీ పాలు మొదలుపెట్టనక్కర్లేదు. వీగన్ ఆహారమే మైగ్రేన్‌కు మందు అనేవారి మాటా నమ్మవద్దు. కొవ్వు తక్కువగా ఉండే వీగన్ ఆహారంపై జరిగిన అధ్యయనాలు చిన్నవి, పైగా ఎవరు ఏం తింటున్నారో అందులో పాల్గొన్నవారికి తెలిసిపోతుంది కనుక వాటి ఫలితాల మీద పూర్తిగా ఆధారపడలేం. ఏం తిన్నారన్న దానికన్నా వేళకు తిన్నారా అన్నది మైగ్రేన్‌లో ఎక్కువ ముఖ్యం. బయటికి వెళ్లినప్పుడు వీగన్ పదార్థం దొరకక భోజనం దాటేయడం మీకు తరచూ జరుగుతూ ఉండవచ్చు. వేయించిన గింజలో, ఉడికించిన శనగలో వెంట ఉంచుకోండి. నీళ్లు తగినన్ని తాగండి. కాఫీ, టీలను రోజూ ఒకే వేళకు, ఒకే పరిమాణంలో తాగండి. సెలవు రోజున ఒక్కసారిగా మానేసినా తలనొప్పి వస్తుంది. మీ నొప్పి మాత్రలోని కెఫీన్ కూడా ఈ లెక్కలోకే వస్తుందని గుర్తుంచుకోండి.

పులియబెట్టిన సోయా పదార్థాల్లో, కొందరిలో మైగ్రేన్‌ను రేపుతుందని భావించే టైరమిన్ ఎక్కువ. రుచి కోసం వేసే మోనోసోడియం గ్లుటమేట్, చక్కెర బదులు వాడే ఆస్పర్టేమ్, మద్యం కొందరికి పడవు, అందరికీ కాదు. అనుమానం ఉన్న పదార్థాన్ని ఒక్కొక్కటిగా కొన్ని వారాలు ఆపి చూడండి. ఇప్పటికే పరిమితమైన ఆహారం మీది. ఎవరో చెప్పారని సోయా, గింజలు, నిమ్మజాతి పండ్లు, గోధుమ అన్నీ ఒకేసారి మానేస్తే మిగిలేది పోషకాహార లోపమే. మరో తిరకాసు కూడా ఉంది. నొప్పికి కొన్ని గంటల ముందు, కొందరికి ఒకటి రెండు రోజుల ముందే, ఆవలింతలు, చిరాకు, ఏదైనా తీపి తినాలన్న కోరిక కలుగుతాయి. ఆ కోరికతో చాక్లెట్ తిని తర్వాత నొప్పి వస్తే, చాక్లెట్ వల్లే వచ్చిందనుకుంటారు. నిజానికి అప్పటికే మైగ్రేన్ మొదలై ఉంటుంది.

మెగ్నీషియం, రోజుకు 400 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) కొందరిలో నొప్పి రోజులను తగ్గిస్తాయి. పాలు మానేసినవారికి రైబోఫ్లేవిన్ తక్కువయ్యే వీలుంది కనుక మీ విషయంలో దీన్ని డాక్టరుతో చర్చించడం సమంజసం. మూత్రం ముదురు పసుపుగా మారితే కంగారు పడవద్దు. మెగ్నీషియంతో విరేచనాలు కావచ్చు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాన్ని సొంతంగా వాడకూడదు.

చివరగా మందుల్లో జంతు పదార్థాల సంగతి. ఉంటాయి. చాలా క్యాప్సూళ్ల పైపొర జెలటిన్, చాలా మాత్రల్లో పూరక పదార్థం పాల చక్కెర అయిన లాక్టోజ్. కొత్త నివారణ ఇంజెక్షన్లలో ఎరెనుమాబ్ వంటివి హామ్‌స్టర్ కణాల్లో తయారవుతాయి, ఎప్టినెజుమాబ్ ఈస్ట్‌లో తయారవుతుంది. అదే మందు వేరే కంపెనీ తయారీలోనో, ద్రవరూపంలోనో జంతు పదార్థం లేకుండా దొరకవచ్చు. లేబుల్ మీద రాసి ఉండే ఇతర పదార్థాల జాబితాను ఫార్మసిస్టుకు చూపించి అడగండి. 1944లో ఇంగ్లండులో మొదలైన వీగన్ సొసైటీ కూడా తన నిర్వచనంలో సాధ్యమైనంత, ఆచరణలో వీలైనంత మేరకే అని చెబుతుంది, మందులు మానేయమనదు. ప్రత్యామ్నాయం దొరకకపోతే నిర్ణయం మీదే. కాకపోతే మొదలుపెట్టిన మందులో లాక్టోజ్ ఉందని మధ్యలో తెలిస్తే, ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ముఖ్యంగా ప్రొప్రనొలాల్‌ను ఎవరికీ చెప్పకుండా ఒక్కరోజులో ఆపేస్తే గుండెదడ, రక్తపోటు పెరగడం వంటి ఇబ్బందులు రావచ్చు.